ఎండిన వాగుకూ ఒక రోజు వస్తుంది
గల్ఫ్ వానలు, వరదల చరిత్రలో మనకున్న పాఠం

2021 సెప్టెంబర్ 26, ఆదివారం రాత్రి. బంగాళాఖాతంలో పుట్టిన గులాబ్ తుఫాను శ్రీకాకుళం జిల్లా కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ఉత్తరాంధ్రలో చెట్లు కూలాయి, కరెంటు పోయింది, ఊళ్లకు ఊళ్లు తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాతి రెండు రోజులూ అదే వాన తెలంగాణ మీద కురిసింది. అక్కడి నుంచి మరాఠ్వాడా, ఆపైన గుజరాత్. దారి పొడుగునా బలం తగ్గుతూ వచ్చిన ఆ అల్పపీడనం అరేబియా సముద్రంలోకి దిగింది. వేడి నీళ్లు తగలగానే మళ్లీ లేచింది. పాతది బలహీనపడి కొత్తగా పుట్టినట్టు లెక్క కాబట్టి దానికి ఇంకో పేరు పెట్టారు: షాహీన్. అంటే డేగ. ఖతార్ ఇచ్చిన పేరు అది. గులాబ్ పాకిస్తాన్ ఇచ్చిన పేరు.

సరిగ్గా వారానికి, అక్టోబర్ 3 ఆదివారం రాత్రి, ఆ షాహీన్ ఒమాన్‌లోని బాతినా తీరం మీదికి వచ్చింది. ఖాబూరాలో 24 గంటల్లోపే 369 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాది మొత్తం మీద వంద మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే చోటు అది. సువైక్, ఖాబూరా వైపు తోటలు, ఇళ్లు, దుకాణాలు నీళ్లలో మునిగాయి. పదిమందికి పైగా చనిపోయారు. అందులో ఇద్దరు ఆసియా దేశాల కార్మికులు. మస్కట్ దగ్గర రుసైల్ పారిశ్రామిక ప్రాంతంలో వాళ్లుండే గదుల మీద కొండచరియ విరిగిపడింది.

మన వాళ్లలో చాలామంది ఈ రెండింటినీ రెండు వేర్వేరు వార్తలుగానే విన్నారు. ముందు ఇంటికి ఫోన్ చేసి "అక్కడ వాన ఎట్లుంది?" అని మనం అడిగాం. వారం తర్వాత ఇంటివాళ్లు మనకు ఫోన్ చేసి అదే మాట అడిగారు. సోంపేట, కవిటి వైపు నుంచి వచ్చిన వెల్డర్లు, రిగ్గర్లకూ, జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చిన అన్నలకూ, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన అక్కలకూ, అందరి మీదా కురిసింది ఒకే తుఫాను. ఇంటి దగ్గర తుఫాను హెచ్చరిక వింటే ఏం చేయాలో మనకు తెలుసు. అదే తుఫాను ఈ ఎడారి దేశంలోకి వస్తే ఏం చేయాలో మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ ఏడాది పుస్తకంలో ఈ ప్రాంతపు వానల చరిత్ర రాసుకుంటున్నాం.

ఎండిన వాగు కథ

ఇక్కడివాళ్లు వాదీ అంటారు. మన భాషలో వాగే. తేడా ఏమిటంటే మన వాగులో వానాకాలమంతా ఎంతో కొంత నీరు ఉంటుంది. ఇక్కడి వాగులో ఏళ్ల తరబడి చుక్క ఉండదు. రాళ్లు, గులకలు, తుమ్మ చెట్లు, మేకలు. కొత్తగా వచ్చినవాడికి అది బండి ఆపుకోవడానికి, శుక్రవారం పూట నలుగురు కూర్చుని వండుకోవడానికి అనువైన మైదానంలా కనిపిస్తుంది. అది నది అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఒమాన్ ఉత్తరాన, ఎమిరేట్స్ తూర్పున హజర్ పర్వతాలు సముద్రానికి సమాంతరంగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఎత్తైన జబల్ షమ్స్ దాదాపు 3,000 మీటర్లు. కొండ నుంచి సముద్రానికి కొన్ని పదుల కిలోమీటర్లే. ఆ కొండల మీద మన నల్లమలలో లాగా అడవి లేదు, నీటిని పీల్చుకునే మట్టి లేదు. ఉన్నదంతా బోడి రాయి. దాని మీద పడ్డ వాన ఇంకదు, జారుతుంది. పది లోయల్లో జారిన నీళ్లు ఒక్క వాదీలో కలుస్తాయి. గంట క్రితం దుమ్ము లేచిన చోట నిలువెత్తు నీరు బండరాళ్లను దొర్లించుకుంటూ వస్తుంది.

ఇందులో మనుషుల్ని మోసం చేసే సంగతి ఒకటుంది. వాన కొండ మీద పడుతుంది, నీరు మైదానంలోకి వస్తుంది. మనం నిలబడ్డ చోట ఆకాశం నిర్మలంగా ఉండొచ్చు, ఎండ కూడా కాయొచ్చు. ఎక్కడో పైన ఉరిమిన ఉరుము మన కాళ్ల దగ్గరికి వరదై వస్తుంది. వేసవి మధ్యాహ్నాల్లో హజర్ కొండల మీద లేచే ఉరుముల మబ్బులు ఇట్లాంటివే. వేడెక్కిన కొండ గాలిని పైకి తోస్తుంది, సముద్రం వైపు నుంచి వచ్చిన తేమ దానికి తోడవుతుంది, రెండు మూడు గంటల్లో క్యుములోనింబస్ మేఘం తయారవుతుంది. కురిసేది కొద్దిసేపే. ఆ కాసేపు చాలు.

1890, 1977: హెచ్చరిక లేని కాలం

1890 జూన్‌లో ఒక పెద్ద తుఫాను మస్కట్ మీదికి, బాతినా తీరం మీదికి వచ్చింది. మస్కట్‌లో ఒక్క రోజులో 286 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 727 మంది చనిపోయినట్టు రికార్డులు చెబుతున్నాయి. ఖర్జూర తోటలు లెక్కలేనన్ని కొట్టుకుపోయాయి. అప్పట్లో ఉపగ్రహం లేదు, రాడార్ లేదు. సముద్రం రంగు, గాలి దిక్కు చూసి ముసలి నావికులు చెప్పిందే సూచన. ఆ తర్వాత ఉత్తర ఒమాన్ తీరాన్ని అంత సూటిగా తాకిన తుఫాను షాహీనే అంటారు. అంటే 131 ఏళ్ల విరామం. నాలుగు తరాలు ఆ తీరంలో పుట్టి పెరిగి, తుఫాను మొహం చూడకుండానే పోయాయి.

1977 మన రెండు తీరాలకూ చెడ్డ సంవత్సరం. ఆ ఏడాది జూన్ 13న ఒమాన్‌లోని మసీరా ద్వీపాన్ని తుఫాను తాకింది. ద్వీపంలో నిలిచిన కట్టడాలు వేళ్ల మీద లెక్కపెట్టేంత. దేశం మొత్తం మీద వంద మందికి పైగా చనిపోయారు. ఐదు నెలలకు, నవంబర్ 19న, మన దివిసీమ. ఆ పేరు చెబితే చాలు, కృష్ణా జిల్లా అన్నలకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఉప్పెన ఊళ్లను తుడిచిపెట్టింది. అధికారిక లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు పది వేలకు దగ్గర. పరిగెత్తడానికి దారి లేదు, ఎక్కడానికి మిట్ట లేదు. నాగాయలంక, కోడూరు వైపు నేటికీ కుటుంబాలు నవంబర్ 19ని తద్దినంలా గుర్తుపెట్టుకుంటాయి.

దివిసీమ తర్వాత మన తీరం మారింది. తుఫాను షెల్టర్లు కట్టారు. తీరం వెంట రాడార్లు వచ్చాయి. ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. పోర్టుల్లో ఎగరేసే ప్రమాద సూచిక నంబర్లు ఇంటింటి మాటయ్యాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదికి నేరుగా వచ్చింది. నగరం చిన్నాభిన్నమైంది. అయినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. పది వేల నుంచి పదులకు. గాలిలో తేడా ఉంది, ఉప్పెనలో తేడా ఉంది, అది నిజమే. కానీ పెద్ద తేడా ముందుగా కబురు అందడంలో ఉంది. లక్షలమందిని ముందే కదిలించగలిగారు.

గోను తర్వాత

ఒమాన్‌కు అట్లాంటి మేలుకొలుపు 2007 జూన్‌లో వచ్చిన గోను. గోను అంటే తాటాకు సంచి అని మాల్దీవుల భాషలో అర్థం. ఆ సంచి తెచ్చిన నీళ్లకు వాదీ అదై పొంగి మస్కట్‌లోని ఖురుమ్ వ్యాపార ప్రాంతం మునిగింది. కొండల్లో 600 మిల్లీమీటర్ల దాకా వాన పడింది. ఘుబ్రా, బర్కా దగ్గర సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు ఆగిపోయి, చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి చుక్క లేని పరిస్థితి వచ్చింది. దాదాపు యాభై మంది చనిపోయారు. నష్టం సుమారు 4 బిలియన్ డాలర్లు. అప్పుడు ఇక్కడున్న సీనియర్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

2010లో ఫెట్ వచ్చింది. ఖురియాత్‌లో 488 మిల్లీమీటర్ల వాన. 2018 మేలో మెకును సలాలా మీదికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే 617 మిల్లీమీటర్లు, అక్కడ పడే ఏటి సగటుకు నాలుగైదు రెట్లు. అదే ఏడాది అక్టోబర్‌లో రెండు సముద్రాల్లోనూ ఒకేసారి రెండు తుఫాన్లు తిరిగాయి. అటు తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టింది. ఇటు లుబాన్ మూడు రోజులకు యెమెన్ తీరాన్ని తాకింది. సలాలాలో పనిచేస్తున్న ఉద్దానం తమ్ముళ్లు ఆ వారం ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టుకుని గడిపారు.

గోను తర్వాత ఈ దేశమూ నేర్చుకుంది. వాదీల మీద వరద కట్టలు కట్టారు. బహుళ విపత్తుల ముందస్తు హెచ్చరిక కేంద్రం పెట్టారు. షాహీన్ వస్తుందని ముందే చెప్పారు. అక్టోబర్ 3, 4 తేదీల్లో దోఫార్, అల్ వుస్తా తప్ప మిగతా ప్రాంతాలన్నింటా ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ సెలవు ప్రకటించారు. తీరం పక్కనున్న వేలమందిని ముందే తరలించారు. 1890లో 727. షాహీన్‌కు పదిహేను లోపే. మన తీరంలో జరిగిన మార్పే ఇక్కడా జరిగింది. తుఫాను విషయంలో చరిత్ర మనకు ధైర్యమే ఇస్తోంది.

తుఫాను కాని వానలు

అయితే ఈ కథకు రెండో సగం ఉంది. అక్కడ అంత ధైర్యం లేదు.

తుఫానుకు పేరుంటుంది, దారి ఉంటుంది, నాలుగైదు రోజుల టైం ఉంటుంది. ఉరుముల వానకు పేరుండదు. ఎక్కడ విరుచుకుపడుతుందో కొద్ది గంటల ముందు గానీ తెలియదు. గడిచిన పదిహేనేళ్లలో గల్ఫ్‌లో జనాన్ని ఎక్కువగా కలచివేసిన వరదల్లో చాలావరకు ఇట్లా వచ్చినవే.

2009 నవంబర్ 25. హజ్ మొదలైన రోజు. జెద్దాలో నాలుగు గంటల్లో సుమారు 90 మిల్లీమీటర్లు కురిసింది. మన హైదరాబాద్‌లో అంత వాన పడితే ట్రాఫిక్ ఆగుతుంది, లోతట్టు కాలనీలు మునుగుతాయి. జెద్దాలో 120 మందికి పైగా చనిపోయారు. ఎందుకంటే తూర్పు కొండల నుంచి సముద్రం దాకా వాదీలు నడిచే దారిలోనే నగరం పెరిగింది. ఎక్కువ దెబ్బ తిన్నవి పేదలుండే కువైజా లాంటి పేటలు. ఆ రోజు అక్కడి ఒక దుకాణంలో పనిచేసే ఫర్మాన్ అలీ ఖాన్ అనే పాకిస్తానీ కార్మికుడు, స్వాత్ లోయ నుంచి వచ్చినవాడు, నడుముకు తాడు కట్టుకుని వరదలో దూకి పద్నాలుగు మందిని బయటికి లాగాడు. మళ్లీ దిగి తిరిగి రాలేదు. సౌదీ ప్రభుత్వం ఆయన మరణం తర్వాత రాజు పేరిట ఉన్న పతకం ఇచ్చి గౌరవించింది. వలస కార్మికుల చరిత్ర ఎవరైనా రాస్తే ఆ పేరు మొదటి పేజీలో ఉండాలి. 2011 జనవరిలో జెద్దా మళ్లీ మునిగింది. 2022 నవంబర్ 24న ఆరు గంటల్లో 179 మిల్లీమీటర్లు, 2009 కంటే రెట్టింపు వాన పడింది. అప్పటికి కాలువలు, కట్టలు కట్టి ఉన్నారు. చనిపోయినవాళ్లు ఇద్దరు.

2022 జూలై చివర్లో ఫుజైరా. రెండు రోజుల్లో 255 మిల్లీమీటర్లు. చనిపోయిన ఏడుగురూ ఆసియా దేశాల నుంచి వచ్చినవాళ్లేనని ఎమిరేట్స్ హోం శాఖ ప్రకటించింది. ఏడుకు ఏడుగురూ మనలాంటివాళ్లే. ఈ లెక్క దగ్గర మనం ఒక నిమిషం ఆగాలి.

2024 ఏప్రిల్ 14. ఒమాన్‌లోని ముదైబీ ప్రాంతం, సమద్ అల్ షాన్. బడిపిల్లలున్న వాహనం వాదీలో కొట్టుకుపోయింది. పదిమంది దాకా పిల్లలు పోయారు. ఆ నాలుగు రోజుల వానల్లో ఒమాన్‌లో మొత్తం ఇరవై మంది దాకా చనిపోయారు. రెండు రోజులకు, ఏప్రిల్ 16న, అదే వ్యవస్థ ఎమిరేట్స్ మీద విరుచుకుపడింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్లు. 1949లో రికార్డులు మొదలైన దగ్గర నుంచి అంత వాన ఎన్నడూ లేదు. దుబాయ్ విమానాశ్రయంలో విమానాలు నీళ్లలో తేలుతున్నట్టు కనిపించిన వీడియోలు మనందరి ఫోన్లకూ వచ్చాయి. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. సెలవు మీద ఇంటికి బయల్దేరినవాళ్లు నేల మీదే రోజులు గడిపారు. చనిపోయినవాళ్లలో ముగ్గురు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు.

మేఘమథనం చేసి కృత్రిమంగా కురిపించడం వల్లే ఇంత వాన అని అప్పుడు వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఎమిరేట్స్ జాతీయ వాతావరణ కేంద్రం ఆ మాట ఖండించింది. సామాన్య తర్కానికీ అది నిలవదు. మేఘమథనం ఉన్న మబ్బు నుంచి కాస్త ఎక్కువ వాన రాబట్టే ప్రయత్నం మాత్రమే. ఒమాన్ నుంచి ఇరాన్ దాకా పరుచుకున్న మేఘాల దండును అది పుట్టించలేదు. ప్రపంచ శాస్త్రవేత్తల బృందం ఒకటి లెక్కలు చూసి, ఎల్‌నినో ఏడాదుల్లో ఈ ప్రాంతంలో కురిసే అతి భారీ వానలు ఇప్పుడు మునుపటికంటే 10 నుంచి 40 శాతం ఎక్కువ తీవ్రంగా ఉన్నాయని చెప్పింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది. మోసిందంతా ఎక్కడో ఒకచోట దించుతుంది. అంటే ఇట్లాంటి రోజులు మళ్లీ వస్తాయి.

సూచన చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి

వాతావరణ సూచనను మనలో చాలామంది రెండు రకాలుగా వింటాం. పడుతుందన్నారు, పడలేదు, అంతా అబద్ధం అని ఒకటి. పడుతుందన్నారు, పడనీ, ఖల్లీవల్లీ అని ఇంకొకటి. రెండూ ప్రమాదమే.

"హజర్ పర్వతాలు, పరిసర ప్రాంతాల్లో ఉరుములతో కూడిన భారీ వర్షం, వాదీలు పొంగే అవకాశం" అని సూచన వచ్చిందనుకుందాం. ఇది చెప్పేది ఏమిటంటే, ఆ విశాల ప్రాంతంలో ఎక్కడో కొన్ని చోట్ల కుండపోత పడటానికి కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉంది. ఏ కొండ మీద, ఏ వాదీలోకి, ఎన్ని గంటలకు అన్నది అది చెప్పలేదు. ఉరుముల మేఘం ఒక్కటి పది పదిహేను కిలోమీటర్ల వెడల్పు ఉంటే ఎక్కువ. ఒక ఊరు మునుగుతుంది, పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవదు. తడవని ఊరివాడు సూచన తప్పింది అంటాడు. అది తప్పలేదు.

ఎమిరేట్స్‌లో మూడు రంగులు వాడతారు. పసుపు అంటే బయటి పనులకు వెళ్లేవాళ్లు ఆకాశాన్ని గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే ప్రమాదకర వాతావరణం రాబోతోంది, అధికారులు చెప్పినట్టు నడుచుకోవాలి. ఎరుపు అంటే అసాధారణ తీవ్రత, అత్యంత జాగ్రత్త. రంగు ఏదైనా అది మారుతూ ఉంటుంది. పొద్దున పసుపు ఉంటే సాయంత్రానికి ఎరుపు కావచ్చు. పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు చూసిన సూచన సాయంత్రం తిరుగు బస్సుకు పనికిరాదు.

కాబట్టి ఆకస్మిక వరద విషయంలో ఆఖరి నిర్ణయం వాతావరణ కేంద్రం తీసుకోలేదు. అది ఆ క్షణాన వాదీ ఒడ్డున బండి స్టీరింగ్ పట్టుకున్నవాడు తీసుకోవాలి. క్రేన్ కింద నిలబడ్డ ఫోర్‌మన్ తీసుకోవాలి. కొండ వాలు కింద కట్టిన గదుల్లో పడుకున్నవాళ్ల మంచి చెడ్డలు చూసే క్యాంప్ బాస్ తీసుకోవాలి. తుఫానులో ప్రభుత్వం మనల్ని కదిలిస్తుంది. ఉరుముల వానలో మనమే కదలాలి. ఈ చరిత్ర అంతా కలిపి చెబుతున్న ఒక్క మాట ఇదే.

కబురు ఎక్కడ ఆగుతోంది?

హెచ్చరిక అరబీలో వస్తుంది, ఇంగ్లీషులో వస్తుంది. ఎమిరేట్స్‌లో ఫోన్లు గట్టిగా మోగి మరీ చెబుతాయి. ఆ అక్షరాలు చదవలేని మజ్రా కూలీకి అది ఒక మోత మాత్రమే. ఇళ్లలో పనిచేసే కొందరు అక్కచెల్లెళ్ల దగ్గర పగలు ఫోనే ఉండదు. క్యాంపు గేటు దాకా వచ్చిన కబురు గేటు దాటి గదిలోకి రావడం లేదు.

భాష ఒక్కటే అడ్డం కాదు. వాన వచ్చిన ప్రతిసారీ మన వేదికకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే మాట: "సార్, బస్సు వచ్చింది, ఎక్కమంటున్నారు. ఎక్కకపోతే ఆబ్సెంట్ వేస్తారట." ఎక్కమన్నవాడికీ పైనుంచి ఒత్తిడి ఉండొచ్చు. ఒక రోజు జీతం అంటే ఇంట్లో ఒక చీటీ వాయిదా. అది మాకు తెలుసు. అందుకే ధైర్యం చేయండి అని ఊరికే చెప్పడం లేదు. చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోమంటున్నాం.

ఒమాన్‌లో పారుతున్న వాదీలోకి తెలిసి తెలిసి బండి దింపడం ట్రాఫిక్ చట్టం కింద నేరం. జైలు, జరిమానా రెండూ పడొచ్చు. ఎమిరేట్స్‌లో 2023 నుంచి వరద వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హమ్‌ల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి సీజ్. వాన వేళ వాదీల దగ్గర, డ్యాముల దగ్గర గుమిగూడి వీడియోలు తీసినా 1,000 దిర్హమ్‌లు, 6 పాయింట్లు. 24 పాయింట్లకు లైసెన్సు పోతుంది. అంటే ఒక్కసారి వాదీలోకి దిగితే డ్రైవర్ అన్న బతుకుదెరువు అంచుకు వచ్చినట్టే. పాయింట్లు పడేది స్టీరింగ్ పట్టుకున్నవాడి లైసెన్సు మీద. "పోనియ్, ఏం కాదు" అని ఫోన్లో చెప్పినవాడి మీద కాదు. డ్రైవర్ అన్నలు సూపర్‌వైజర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ముక్క మర్యాదగానే చెప్పొచ్చు: "సార్, చట్టం ఒప్పుకోదు, వాదీ పారుతోంది, ఇక్కడే ఆగుతున్నా." ఆ మాటను, వాదీ ఫోటోను వాట్సాప్‌లో పంపి పెట్టుకోండి. రేపు అవసరం రావచ్చు.

క్యాంపుకో టముకు

మన ఊళ్లలో మైకులు రాకముందు టముకు ఉండేది. ఏరు పొంగినా, చెరువు కట్టకు గండి పడేలా ఉన్నా, టముకు వేసేవాడు వీధి వీధి తిరిగి చాటేవాడు. చదువు వచ్చినవాడికీ రానివాడికీ, ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ, అందరికీ అర్థమయ్యే భాషలో, ఇంటి గుమ్మం దాకా వచ్చి చెప్పేవాడు. మన క్యాంపులకు కావలసింది ఆ మనిషి.

ప్రతి క్యాంపులో అరబీ గానీ ఇంగ్లీషు గానీ చదవగలిగిన ఒక తమ్ముడు ఈ బాధ్యత తీసుకోవాలని మన వేదిక కోరుతోంది. పని చిన్నదే. రోజూ పొద్దున, సాయంత్రం ప్రభుత్వ వాతావరణ కేంద్రం పెట్టిన సూచన చూడాలి. వాట్సాప్‌లో తిరిగేది నమ్మకూడదు. వాన మాట ఉంటే తెలుగులో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ చేసి గ్రూపులో పెట్టాలి. రాసి పెడితే చదవలేనివాళ్లు మిగిలిపోతారు. హిందీలో కూడా ఒకటి పెడితే బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్ అన్నలకూ అందుతుంది. వరద పాస్‌పోర్ట్ చూసి రాదు.

దాంతోపాటు ఈ నాలుగు సంగతులు అందరం కంఠతా పట్టాలి.

మొదటిది, నీటి బలం. పారే నీరు పదిహేను సెంటీమీటర్లుంటే మనిషి కాలు జారుతుంది. ముప్పై సెంటీమీటర్లుంటే చిన్న కారు కదులుతుంది. అరవై ఉంటే పికప్‌లూ పెద్ద బండ్లూ తేలతాయి. బురద నీటిలో లోతు కనిపించదు, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో తెలియదు. ముందు వెళ్లిన బండి దాటింది కదా అని దిగొద్దు. వాదీ నిమిషానికో తీరుగా ఉంటుంది.

రెండోది, ఉరుము. ఉరుము చెవికి వినపడిందంటే పిడుగు మనదాకా వచ్చే దూరంలో ఉన్నట్టే. పరంజీ, క్రేన్, ఇనుప చట్రాలు, టెర్రస్ మీది నుంచి వెంటనే దిగాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి గానీ మళ్లీ ఎక్కకూడదు. మన ఊళ్లలో చెట్టు కింద నిలబడి ఎంతమంది రైతులు, పశువుల కాపరులు పోయారో మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు పిడుగుల హెచ్చరికలను ఫోన్లకే పంపుతోంది. ఇక్కడ ఆ ఫోను మనకు మనమే చేసుకోవాలి.

మూడోది, గది. మీ క్యాంపు కొండ వాలు కింద ఉందా? వాదీ పక్కన ఉందా? వాన లేని రోజునే బయటికి వచ్చి చూడండి. పాత నీటి గీతలు, గోడ మీద బురద మరకలు కనిపిస్తే ఆ సంగతి క్యాంప్ బాస్‌కు రాతపూర్వకంగా చెప్పండి. రాత్రి వాన పెరిగితే ఎటు వెళ్లాలో, ఏ మెట్ల మీదుగా పైకి ఎక్కాలో ముందే అనుకోండి. పాస్‌పోర్ట్ కాపీ, బత్కా, మందులు, కాస్త డబ్బు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలగడ దగ్గర ఉంచుకోండి. నీళ్లు గదిలోకి వస్తే ముందు కరెంటు మెయిన్ ఆపాలి. తడి చేతితో, నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు.

నాలుగోది, నంబరు. ఒమాన్‌లో 9999. ఎమిరేట్స్‌లో పోలీసులకు 999. కువైట్‌లో 112. ఫోన్లో సేవ్ చేసుకుంటే చాలదు, నోటికి రావాలి. మీరున్న చోటు పేరు అరబీలో ఎట్లా చెప్పాలో కూడా నేర్చుకోండి. "నేను ఎక్కడున్నానో తెలియదు" అంటే వాళ్లు రాలేరు.

1890 నాటి వాళ్లకు ఏమీ తెలియదు. 1977లో తెలిసినా పోవడానికి చోటు లేదు. ఇప్పుడు కబురూ ఉంది, చోటూ ఉంది. మిగిలిన పని ఆ కబురును మన భాషలోకి తెచ్చి, ఆఖరి గది ఆఖరి మంచం దాకా చేర్చడం. ఫుజైరాలో పోయిన ఆ ఏడుగురికీ ఏదో ఒక ఊళ్లో ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటివాళ్లు ఎడారికి పంపామనుకున్నారు, వరదకు పంపామనుకోలేదు. ఇంకో ఇంటికి అట్లాంటి ఫోన్ వెళ్లకూడదు. మీ క్యాంపులో ఈ బాధ్యత ఎవరు తీసుకుంటున్నారో వచ్చే వానలకు ముందే మన వేదికకు తెలియజేయండి. పేర్ల పట్టిక తయారు చేసి అందరికీ పంపుతాం.